కాల్విన్ హారిస్ – పాటలు, పనితనం, పరికరాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

కాల్విన్ హారిస్‌ని అందరూ డీజే అనే పరిచయం చేస్తారు. కానీ అతని అసలు పని వేదిక మీద కాదు, స్టూడియోలో జరుగుతుంది. వరస కట్టడం, వాయిద్యాలు పేర్చడం, ఆ వరసకు సరిపోయే గొంతు వెతకడం అతని పని. కింది జవాబులన్నీ ఆ కోణం నుంచే చదవండి.

అసలు పేరేమిటి? ఏ ఊరివాడు?

అసలు పేరు ఆడమ్ రిచర్డ్ వైల్స్. 1984 జనవరి 17న స్కాట్లాండ్ నైరుతి మూలన ఉన్న డంఫ్రీస్‌లో పుట్టాడు. నిత్ నది ఒడ్డున ఉన్న పట్నం అది. కవి రాబర్ట్ బర్న్స్ సమాధి ఉన్నది అక్కడే. గ్లాస్గోలో ఉన్న క్లబ్బుల సందడి డంఫ్రీస్‌లో లేదు. డంఫ్రీస్ హైస్కూల్లో చదివాక సూపర్ మార్కెట్లో అరలు సర్దాడు, చేపల ఫ్యాక్టరీలో పనిచేశాడు. ఆ డబ్బుతో పరికరాలు కొనుక్కుని పడకగదిలోనే పాటలు తయారుచేయడం నేర్చుకున్నాడు.

పేరు ఎందుకు మార్చుకున్నాడు?

మొదట 'స్టౌఫర్' అనే పేరు పెట్టుకున్నాడు. 2002లో 'డా బాంగోస్', 'బ్రైటర్ డేస్' ఆ పేరుతోనే 12 అంగుళాల రికార్డుగా వచ్చాయి. తర్వాత లండన్ వెళ్లాడు. 2004లో గాయని అయా మరార్‌తో చేసిన 'లెట్ మీ నో' ఒక్కటే బయటికొచ్చింది. నిలదొక్కుకోలేక ఇంటికి తిరిగొచ్చేశాడు. అప్పట్లో చేస్తున్న పాట సోల్ (నల్లజాతి అమెరికన్ల) సంగీతానికి దగ్గరగా ఉండేది. వినేవాళ్లకు పాడింది ఏ జాతి మనిషో పేరును బట్టి తెలియకూడదని 'కాల్విన్ హారిస్' ఎంచుకున్నట్టు తనే చెప్పాడు. అదే అయా మరార్ 2012 ఆల్బమ్ '18 మంత్స్'లో మళ్లీ పాడింది. లండన్లో ఓడిపోయిన రోజుల్లో కుదిరిన స్నేహం ఎనిమిదేళ్ల తర్వాత హిట్ పాటైందన్నమాట.

మొదటి ఆల్బమ్ పాత అమిగా కంప్యూటర్ మీద చేశాడంటారు. నిజమేనా? అదెలా సాధ్యం?

నిజమే. 2007 జూన్‌లో వచ్చిన 'ఐ క్రియేటెడ్ డిస్కో' చాలావరకు అమిగా మీద, ఆక్టామెడ్ అనే ట్రాకర్ సాఫ్ట్‌వేర్‌లో తయారైంది. ట్రాకర్‌లో ఇప్పటి సాఫ్ట్‌వేర్‌లాగా ఎడమ నుంచి కుడికి జరిగే రంగురంగుల బార్లు ఉండవు. అంకెల పట్టిక ఒకటి పైనుంచి కిందికి కదులుతుంటుంది. ఒక్కో నిలువు వరుస ఒక ఛానల్, ఒక్కో అడ్డు వరుస ఒక క్షణం. ఆ గడిలో స్వరం, శాంపిల్ (ముందే రికార్డు చేసిన చిన్న ధ్వని) నంబరు, ఎఫెక్ట్ కోడ్ టైపు చేయాలి.

అమిగా సౌండ్ చిప్‌కి హార్డ్‌వేర్ ఛానళ్లు నాలుగే, అవీ 8 బిట్లవి. ఆక్టామెడ్ సాఫ్ట్‌వేర్‌లో కలిపి వాటిని ఎనిమిది చేసేది, కానీ నాణ్యత తగ్గేది. ఒక ఛానల్‌లో ఒకసారి ఒకే ధ్వని మోగుతుంది. బేస్ మోగుతుండగా అదే ఛానల్‌లో కిక్ (పెద్ద డ్రమ్ దెబ్బ) పెడితే బేస్ అక్కడికక్కడే తెగిపోతుంది. మెమరీ తక్కువ కాబట్టి శాంపిళ్లు కురచగా ఉండాలి. ఆ ఆల్బమ్‌లో వినిపించే పొడిపొడి దరువు, గరుకుదనం, ఖాళీ జాగా చాలావరకు ఈ పరిమితుల వల్ల వచ్చినవే. ఇప్పుడు అలాంటి ధ్వని కావాలంటే ప్లగిన్ (సాఫ్ట్‌వేర్‌కి జోడించే చిన్న ప్రోగ్రామ్) కొనక్కర్లేదు. ప్రాజెక్టులో ఎనిమిది ట్రాకులు మించకుండా పెట్టుకోండి, రివర్బ్ (గదిలో మోగినట్టుండే ప్రతిధ్వని) తీసేయండి, కిక్ పడిన ప్రతిచోటా బేస్‌ని కత్తిరించండి. సగం పని అయిపోతుంది.

కంపెనీల దృష్టిలో ఎలా పడ్డాడు?

మైస్పేస్ ద్వారా. ఇంట్లో చేసిన పాటలు అక్కడ పెట్టాడు. వాటిని విన్న మార్క్ గిలెస్పీ తర్వాత అతని మేనేజర్ అయ్యాడు. 2006లో ఈఎంఐతో పాటల హక్కుల ఒప్పందం, సోనీ బీఎంజీతో రికార్డింగ్ ఒప్పందం కుదిరాయి. 2007లో 'యాక్సెప్టబుల్ ఇన్ ద ఎయిటీస్' బ్రిటన్ చార్టులో 10వ స్థానానికి, 'ద గర్ల్స్' 3వ స్థానానికి చేరాయి. అదే ఏడాది కైలీ మినోగ్ ఆల్బమ్‌కి రెండు పాటలు చేశాడు. మరుసటి ఏడాది ర్యాపర్ డిజ్జీ రాస్కల్‌తో చేసిన 'డాన్స్ విత్ మీ' నంబర్ 1 అయింది. పేరు పూర్తిగా స్థిరపడకముందే ఇతరుల కోసం పాటలు చేస్తున్నాడని గమనించండి. ఆ అలవాటే తర్వాత అతని బలమైంది.

రెండో ఆల్బమ్ ఉన్న లాప్‌టాప్ విమానాశ్రయంలో పోయిందట కదా?

పోలేదు. 2008లో లండన్ హీత్రో కొత్త టెర్మినల్ 5లో సామాన్లు గల్లంతవుతున్న రోజుల్లో, ఆల్బమ్ ఉన్న కంప్యూటర్ కూడా పోయిందని చెప్పాడు. అది గడువు కోసం ఆడిన అబద్ధమని తర్వాత తనే ఒప్పుకున్నాడు. ఆ ఆల్బమ్ 'రెడీ ఫర్ ద వీకెండ్' 2009 ఆగస్టులో వచ్చి నంబర్ 1 అయింది. అంతకుముందు ఏప్రిల్‌లో 'ఐయామ్ నాట్ అలోన్' కూడా నంబర్ 1కి చేరింది.

మీరు సంగీతం చేస్తుంటే మాత్రం ఇలాంటి నష్టం నిజంగానే జరుగుతుంది. ప్రాజెక్టు ఫైలు ఒక్కటే కాపీ చేస్తే సరిపోదు, దానికి ఆధారమైన ఆడియో ఫైళ్లు వేరే ఫోల్డర్లో మిగిలిపోతాయి. సేవ్ చేసేటప్పుడు ఆడియోని కూడా ప్రాజెక్టులోకి చేర్చే ఎంపిక పెట్టుకోండి. పాట పూర్తయ్యాక ప్రతి ట్రాకునూ పాట మొదటి క్షణం నుంచి విడిగా వేవ్ ఫైలుగా తీసి ఉంచండి. పదేళ్ల తర్వాత ప్లగిన్లు తెరుచుకోకపోయినా ఆ ఫైళ్లు పనికొస్తాయి.

పాడటం ఎందుకు మానేశాడు?

మొదటి రెండు ఆల్బమ్‌ల కాలంలో బ్యాండ్‌తో వేదికెక్కి తనే పాడేవాడు. తన గొంతు ప్రత్యక్ష ప్రదర్శనకు సరిపోదని తనకే అనిపించింది. బ్యాండ్‌ని ఆపి డీజేగా మారాడు. పూర్తిగా మానేశాడని అనుకోవద్దు. 'ఫీల్ సో క్లోజ్' (2011), 'సమ్మర్' (2014), 'మై వే' (2016) పాటల్లో గొంతు అతనిదే. అయితే ఆ పాటల్లో సాహిత్యం కొంచెమే ఉంటుంది, స్వరాలు తక్కువ పరిధిలో తిరుగుతాయి. తన గొంతు ఎంతవరకు పోగలదో తెలిసినవాడు కట్టిన వరసలవి.

'వీ ఫౌండ్ లవ్' ఎవరి పాట? రిహానాదా, హారిస్‌దా?

కాగితాల ప్రకారం రిహానా పాట, హారిస్ పేరు 'ఫీచరింగ్'గా ఉంటుంది. రాసిందీ, నిర్మించిందీ హారిస్. మామూలుగా నిర్మాత పేరు చిన్న అక్షరాల్లో ఉండిపోతుంది. ఇక్కడ పాట పేరు పక్కనే వేశారు. 2011 సెప్టెంబర్‌లో విడుదలైంది. అమెరికా బిల్‌బోర్డ్ హాట్ 100లో 10 వారాలు, బ్రిటన్‌లో 6 వారాలు మొదటి స్థానంలో నిలిచింది. హారిస్‌కు ఉన్న గ్రామీ ఈ పాట వీడియోకి వచ్చిందే. అంతకుముందు బ్రిటన్ దాటి అంతగా తెలియని పేరు ఈ ఒక్క పాటతో అమెరికా రేడియోలో స్థిరపడింది.

'18 మంత్స్' రికార్డు ఏమిటి?

2012 అక్టోబర్‌లో వచ్చిన ఈ ఆల్బమ్‌లోని 9 పాటలు బ్రిటన్ టాప్ 10లోకి వెళ్లాయి. ఒకే ఆల్బమ్ నుంచి తొమ్మిది పాటలు వెళ్లడం అదే మొదలు. అంతకుముందు రికార్డు మైకేల్ జాక్సన్‌ది. కెలిస్, నీ-యో, ఫ్లోరెన్స్ వెల్చ్, ఎల్లీ గౌల్డింగ్, టైనీ టెంపా, ఎగ్జాంపుల్ లాంటివాళ్లు పాడారు. 'స్వీట్ నథింగ్' నంబర్ 1 అయింది.

ఇందులో వ్యూహం కూడా ఉంది. ఆల్బమ్ రావడానికి ఏడాది ముందు నుంచే పాటల్ని ఒక్కొక్కటిగా వదిలారు. ఆల్బమ్ వచ్చాక కూడా 2013 దాకా అదే పద్ధతి. ప్రతి పాటకూ కొత్త గొంతు కాబట్టి వినేవాళ్లకు విసుగు రాలేదు, ప్రతి గాయకుడి అభిమానులూ తోడయ్యారు. తర్వాతి ఆల్బమ్ 'మోషన్' (2014)లో 'అండర్ కంట్రోల్', 'సమ్మర్', 'బ్లేమ్' మూడూ బ్రిటన్ నంబర్ 1లే.

ఆ రోజుల పాటలన్నీ 128 వేగంలోనే ఎందుకు ఉంటాయి? ఆ ధ్వని తయారుచేయాలంటే ఏం చూసుకోవాలి?

'వీ ఫౌండ్ లవ్', 'ఫీల్ సో క్లోజ్', 'సమ్మర్' మూడూ నిమిషానికి 128 దెబ్బలు. ఆ కాలపు హౌస్ (క్లబ్ డాన్స్) సంగీతమంతా ఈ వేగం చుట్టే తిరిగింది కాబట్టి డీజే వేగం పెద్దగా మార్చకుండానే ఒక పాట నుంచి ఇంకో పాటకు వెళ్లగలడు. లెక్క కూడా తేలిక. 128లో ఒక బార్ (నాలుగు దెబ్బలు) 1.875 సెకన్లు, 16 బార్లు సరిగ్గా 30 సెకన్లు.

నిర్మాణం చూస్తే చరణం, ఆపై గొంతుతో చిన్న పల్లవి, తర్వాత బిల్డప్ (ఉత్కంఠ పెంచే భాగం), ఆ తర్వాత మాటల్లేని సింథ్ (సింథసైజర్) వరస, దీన్నే డ్రాప్ అంటారు. జనం చేతులెత్తేది ఈ చివరిదానికి. అంటే అసలు పల్లవిని పాడేది సింథే. అందుకే ఆ వరస కూనిరాగం తీయగలిగేలా ఉండాలి. కొత్తవాళ్లు ధ్వని కోసం పది సింథులు పేరుస్తారు, వరస మాత్రం ఉండదు. ముందు పియానో మీద ఒక్క వేలితో వాయించి చూడండి. అక్కడ నిలబడకపోతే ఏ ప్లగిన్నూ దాన్ని నిలబెట్టలేదు.

ఆ శైలిలో ఎక్కువగా చెడేది కిక్‌కి, సింథ్‌కి మధ్య సర్దుబాటు. కిక్ పడ్డప్పుడల్లా సింథ్ తగ్గి మళ్లీ పైకి లేచేలా సైడ్‌చెయిన్ కంప్రెషన్ పెడతారు. 128లో రెండు కిక్‌ల మధ్య దూరం సుమారు 469 మిల్లీసెకన్లు. రిలీజ్‌ని (సింథ్ మళ్లీ లేవడానికి పట్టే సమయాన్ని) 200–300 మిల్లీసెకన్ల మధ్య ఉంచితే సింథ్ తర్వాతి దెబ్బలోపు పూర్తిగా లేస్తుంది. 450 పెడితే ఎప్పటికీ పూర్తిగా లేవదు, పాట నీరసంగా వినిపిస్తుంది. మరీ 20, 30కి దించితే టక్‌టక్ చప్పుళ్లు వస్తాయి. కార్డ్స్ వాయించే సింథుల్లో 150 హెర్ట్జ్ కింది భాగాన్ని కోసేసి ఆ చోటు కిక్‌కి, బేస్‌కి వదిలేయండి. డ్రాప్‌కి ముందు ఒకటి రెండు దెబ్బలు కింది ధ్వనంతా ఆపేస్తే, అదే వాల్యూమ్‌లో కూడా డ్రాప్ పెద్దగా వినిపిస్తుంది.

నిల్స్ స్యోబెర్గ్ ఎవరు?

టేలర్ స్విఫ్ట్ పెట్టుకున్న మారుపేరు. 2016 ఏప్రిల్‌లో రిహానా గొంతుతో వచ్చిన హారిస్ పాట 'దిస్ ఈజ్ వాట్ యూ కేమ్ ఫర్' రచనలో స్విఫ్ట్ పాలుపంచుకుంది. ఆ సంగతి జూలైలో బయటపడింది. పాట అమెరికాలో 3, బ్రిటన్‌లో 2వ స్థానానికి వెళ్లింది.

2017లో అంత పెద్ద మార్పు ఎందుకు?

పెద్ద డ్రాప్‌ల పాటలతో వేదికలు నిండుతుండగానే వాటిని పక్కన పెట్టి జూన్ 30న 'ఫంక్ వేవ్ బౌన్సెస్ వాల్యూమ్ 1' విడుదల చేశాడు. 128 నుంచి వేగం బాగా దిగింది. 'స్లైడ్' 104, 'ఫీల్స్' 101. సంగీత ఉత్సవాల మైదానం కోసం చేసిన సంగీతం కాదిది, కార్లో కిటికీ దించి వినేది. ఫ్రాంక్ ఓషన్, మిగోస్, ఫరెల్, కేటీ పెర్రీ, స్నూప్ డాగ్, అరియానా గ్రాండే, ఖాలిద్ లాంటివాళ్లు పాడారు.

అమిగాలో అంకెలు టైపు చేసిన మనిషి ఈసారి ప్రాఫెట్-5, ఫెండర్ రోడ్స్, లిన్ డ్రమ్ మెషిన్ లాంటి 1970, 80ల నాటి అసలు వాయిద్యాలు తెచ్చుకున్నాడు. బేస్, గిటార్, కీబోర్డు చాలావరకు తనే వాయించాడు. తేడా బేస్‌లోనే తెలుస్తుంది. మౌస్‌తో పెట్టిన స్వరాలన్నీ కచ్చితమైన కాలపు గడిలో ఇరుక్కుంటాయి. చేత్తో వాయించినవి కొన్ని 10–20 మిల్లీసెకన్లు వెనక పడతాయి. 104 వేగంలో రెండు స్వరాల మధ్య జాగా ఎక్కువ కాబట్టి ఆ వెనకపాటు హాయిగా వినిపిస్తుంది. మీరు ప్రయత్నించేటప్పుడు కిక్, స్నేర్ గడిలోనే ఉంచి, బేస్‌ని, రోడ్స్‌ని మాత్రం సర్దకుండా వదిలేయండి. అన్నీ వదిలేస్తే మత్తుగా కాదు, తప్పుగా వినిపిస్తుంది.

పేరుప్రతిష్ఠల రీత్యా '18 మంత్స్' పెద్దది కావచ్చు. పనితనంలో అతని ఉత్తమ ఆల్బమ్ ఇదే. 2022 ఆగస్టులో వచ్చిన రెండో వాల్యూమ్ ఆ స్థాయికి రాలేదు.

తర్వాత మళ్లీ క్లబ్ సంగీతానికి వచ్చాడా?

వచ్చాడు. 2018లో దువా లీపాతో చేసిన 'వన్ కిస్' 124 వేగంలో 1990ల హౌస్‌ని గుర్తుచేస్తుంది. బ్రిటన్‌లో 8 వారాలు నంబర్ 1, ఆ ఏడాది అక్కడ అన్నిటికన్నా ఎక్కువగా అమ్ముడైన పాట. సామ్ స్మిత్‌తో చేసిన 'ప్రామిసెస్' కూడా నంబర్ 1. 2019 బ్రిట్ అవార్డుల్లో ఉత్తమ నిర్మాత, ఉత్తమ సింగిల్ రెండూ అందుకున్నాడు. 2013లోనే ఐవర్ నొవెల్లో (బ్రిటన్ పాటల రచయితల) అవార్డుల్లో 'సాంగ్‌రైటర్ ఆఫ్ ద ఇయర్' వచ్చింది. 2020లో 'లవ్ రీజెనరేటర్' అనే వేరే పేరుతో పాత రేవ్ సంగీతం చేశాడు, హిట్ల ఒత్తిడి లేకుండా. ఆ ఇష్టమే 2023లో ఎల్లీ గౌల్డింగ్‌తో 'మిరకిల్'గా పైకొచ్చింది. 143 వేగం, 1990ల ట్రాన్స్ ధోరణి, మొత్తం 8 వారాలు బ్రిటన్ నంబర్ 1.

ఈ పాటలన్నీ ఒకే డీజే సెట్‌లో కలపాలంటే?

వేగాలు 101 నుంచి 143 దాకా ఉన్నాయి కాబట్టి ముందే వరుస వేసుకోవాలి. 124లో ఉన్న 'వన్ కిస్'ని 128కి తేవడానికి 3.2 శాతం పెంచితే చాలు. మాస్టర్ టెంపో (శ్రుతి మారకుండా వేగం మార్చే సౌకర్యం) లేకపోతే శ్రుతి సగం సెమీటోన్ (పక్కపక్క స్వరాల మధ్య దూరంలో సగం) పైకి పోతుంది, దాంతో తర్వాతి పాట గొంతు మీద పడ్డప్పుడు అపశ్రుతి తెలుస్తుంది. మాస్టర్ టెంపో వేయండి. ఆ కొద్ది తేడాకు గొంతు చెడదు.

128 నుంచి 'మిరకిల్' 143కి వెళ్లాలంటే 11.7 శాతం పెంచాలి. అంత సాగదీస్తే మాస్టర్ టెంపో ఉన్నా గొంతు లోహంలా మోగుతుంది. సాగదీయకుండా, నడుస్తున్న పాటలో దరువు ఆగిన చోట ఎకోతో వదిలేసి 'మిరకిల్'లో దరువులేని భాగం నుంచి ఎత్తుకోండి. దరువు లేనప్పుడు వేగం మారినా కాళ్లు తడబడవు. దీన్ని సెట్ చివర్లో పెట్టండి, మళ్లీ 128కి దిగితే గాలి తీసినట్టుంటుంది. 'స్లైడ్', 'ఫీల్స్' మొదట్లోనే వాయించాలి. 104ని 124కి లాగడానికి 19 శాతం పైగా కావాలి, మామూలుగా వాడే ప్లస్ లేదా మైనస్ 16 శాతం పరిధి సరిపోదు.

రేడియో ఎడిట్ కొనవద్దు. అది తరచూ నేరుగా గొంతుతో మొదలైపోతుంది, కలపడానికి చోటుండదు. ఎక్స్‌టెండెడ్ మిక్స్ తీసుకోండి, మొదట్లో, చివర్లో దరువు మాత్రమే ఉండే భాగం ఉంటుంది. పెన్‌డ్రైవ్‌ని ఫ్యాట్32లో ఫార్మాట్ చేస్తే పాత ప్లేయర్లు కూడా చదువుతాయి. రికార్డ్‌బాక్స్‌లో (డీజేలు పాటలు సిద్ధం చేసుకునే సాఫ్ట్‌వేర్) ముందే విశ్లేషించి, బీట్ గ్రిడ్ (దరువుల చోట్లు చూపే గీతలు) మొదటి కిక్ మీదే ఉందో లేదో చెవితో చూసుకోండి. అదే పాటలతో రెండో పెన్‌డ్రైవ్ జేబులో ఉండాలి.

అంత ఆదాయం ఎక్కడినుంచి?

2013 నుంచి 2018 దాకా వరుసగా ఆరేళ్లు ఫోర్బ్స్ డీజేల జాబితాలో మొదటి పేరు అతనిదే. 2013లో 4.6 కోట్ల డాలర్లు, 2014లో 6.6 కోట్ల డాలర్లు అని లెక్కగట్టింది. పెద్ద వాటా లాస్ వేగాస్‌లో హక్కాసన్ గ్రూపు క్లబ్బులతో కుదుర్చుకున్న ఒప్పందాలది. బ్యాండ్‌కైతే మనుషులు, వాయిద్యాలు, లారీలు, రిహార్సళ్లు కావాలి. డీజేకి ఆ ఖర్చులు చాలా తక్కువ, వచ్చినదాంట్లో ఎక్కువ మిగులుతుంది. రెండోది రచయితగా వచ్చే రాయల్టీ. వాయించకపోయినా, పాడకపోయినా, రచనలో పేరున్నంతకాలం అది వస్తూనే ఉంటుంది. 2020లో తన పాటల ప్రచురణ హక్కుల్ని వైన్ ఆల్టర్నేటివ్ ఇన్వెస్ట్‌మెంట్స్ సంస్థకు అమ్మాడు.

బ్రిటన్‌లో చదువుకుంటున్నాం. ఇబిజాలో అతని షో చూడాలంటే?

ఈ మధ్య వేసవుల్లో స్పెయిన్ దీవి ఇబిజాలోని ఉషువాయా క్లబ్బులో వరుసగా వాయిస్తున్నాడు. అది ఆరుబయట వేదిక. సాయంత్రం మొదలై రాత్రి 11 ప్రాంతంలో ముగుస్తుంది, కాబట్టి ఆలస్యంగా వెళ్లకండి. పద్దెనిమిదేళ్లు నిండాలి. భారతీయ పాస్‌పోర్టు ఉన్నవాళ్లకు బ్రిటన్ స్టూడెంట్ వీసా స్పెయిన్‌లో చెల్లదు, విడిగా షెంగెన్ వీసా కావాలి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేయొచ్చు. మామూలుగా 15 రోజుల్లో తేలుతుందంటారు గానీ వేసవిలో అపాయింట్‌మెంట్ దొరకడమే కష్టం. కనీసం 30,000 యూరోల వైద్య బీమా, షెంగెన్ దేశాల నుంచి బయటికొచ్చే తేదీ తర్వాత మూడు నెలలు చెల్లే పాస్‌పోర్టు ఉండాలి. వీసా చేతికొచ్చాకే తిరిగి డబ్బు రాని టికెట్లు కొనండి.

కొత్తగా వినేవాళ్లు ఎక్కడ మొదలుపెట్టాలి?

హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఈ వరుసలో వినండి. 'యాక్సెప్టబుల్ ఇన్ ద ఎయిటీస్'లో ధ్వనుల మధ్య ఖాళీని గమనించండి. 'ఐయామ్ నాట్ అలోన్'లో నెమ్మదిగా మొదలైన పాట సింథ్‌తో ఎలా విచ్చుకుంటుందో చూడండి. 'ఫీల్ సో క్లోజ్'లో గొంతు ఆగి సింథ్ పల్లవి ఎత్తుకునే చోటు పట్టుకోండి. తర్వాత 'స్లైడ్' పెట్టి బేస్ ఒక్కదాన్నే అనుసరించండి. చివరగా 'మిరకిల్'. మిగతావి ఆ తర్వాత ఏ క్రమంలో విన్నా ఫరవాలేదు.